గెడ్డకు పైన, గెడ్డకు కింద

నవంబరు

కాగితం మీద మా ప్రాజెక్టు పేరు చాలా పొడుగు. అడవి పరిరక్షణ, వాతావరణ మార్పును తట్టుకునే శక్తి, ప్రజాసంబంధాలు అన్నీ అందులో ఉన్నాయి. ఊళ్ళో మాత్రం మమ్మల్ని 'కొండకు నిప్పు పడకుండా చూసేవాళ్ళు' అంటున్నారు. ఈ రెండో పేరే పనికి దగ్గరగా ఉంది.

చోటు ఒడిశాలోని గజపతి జిల్లా. పర్లాకిమిడి నుంచి కొండల్లోకి పోయే దారిలో ఒక గెడ్డ, అంటే కొండవాగు. దాని పైన వాలు మీద మూడు సవర గిరిజనుల ఊళ్ళు. కొండ ఆగి వరిపొలాలు మొదలయ్యే చోట రెండు తెలుగు ఊళ్ళు. పేర్లు రాయడం లేదు. ఈ డైరీలోకి తగాదాలు కూడా వస్తాయి, రేపు ఎవరి ముఖం ఎవరు చూడాలో వాళ్ళకు ఉండనివ్వాలి. కింది ఊళ్ళ పొలంగట్ల మీద నిలబడితే ఆంధ్ర కొండలు కనిపిస్తాయి. పెళ్ళి సంబంధాలన్నీ పాతపట్నం, మెళియాపుట్టి వైపే. రేషన్ కార్డు ఒడియాలో, పెళ్ళి కార్డు తెలుగులో.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి నేలకూలిన సంగతి తెలుగునాట అందరికీ గుర్తుంది. ఆ తుఫాను లోపలికి వచ్చి ఈ కొండల మీద కురిసిన వాన గురించి అటువైపు అంతగా తెలియదు. రాయగడ బ్లాకులో, అంటే రాయగడ జిల్లా కాదు, గజపతిలోనే ఉన్న బ్లాకు, బరాఘర ఊళ్ళో కొండచరియ విరిగి, వానకు తలదాచుకున్నవాళ్ళ మీద పడింది. మా గెడ్డ పైన అంత ప్రాణనష్టం జరగలేదు. కానీ ఆ రోజు జారిన చోట్లు ఇంకా ఎర్రగా గీరుకుపోయినట్టే ఉన్నాయి. కింద గెడ్డ ఒడ్డు పొలాల్లో ఇసుక మేట వేసింది. కొందరు ఎత్తించుకున్నారు, కొందరు ఆ మడి వదిలేశారు.

జారిన చోట మళ్ళీ చెట్టు ఎందుకు లేవడం లేదన్నది మా మొదటి ప్రశ్న. జవాబు కోసం నిపుణులు అక్కర్లేదు, వేసవిలో ఒకసారి ఎక్కితే చాలు. మొలిచిన ప్రతి పిలకా ఏటా కాలిపోతోంది. ఆకు కాలితే వాన నేరుగా మట్టి మీద పడుతుంది. కూలిన చెట్ల వేళ్ళు నేలలో కొన్నేళ్ళు పట్టు ఉంచి, తర్వాత కుళ్ళిపోతాయి. అంటే తుఫాను పోయిన ఏడాది కంటే ఇప్పుడే ఆ వాలు బలహీనం.

నా నోటుపుస్తకంలో మొదటి పేజీలో రాసుకున్నది ఇది: నీళ్ళు కిందికి పారుతున్నాయి, కాపలా ఖర్చు పైన పడుతోంది. దీన్ని ఎలాగోలా సరిచేయకుండా అవగాహన సదస్సులు పెడితే టీ ఖర్చు తప్ప ఏమీ మిగలదు.

డిసెంబరు

సభకు పిలిచామనడం గొప్పకే. పైఊరి వాళ్ళు పనులు ముగించుకుని మంట చుట్టూ కూర్చున్న చోటికి మేమే వెళ్ళాం. ఊరి పెద్దను ఇక్కడ గొమాంగో అంటారు. ఆయన మా కాగితాల సంచీ వంక చూసి, తెలుగులోనే అడిగారు.

"నిప్పు మేమే పెడతామని రాసుకొచ్చారా బాబూ?"

రాసుకు రాలేదు గానీ, మా ముందు వచ్చినవాళ్ళు చాలామంది అలాగే రాసుకొచ్చారని ఆ ప్రశ్నే చెబుతోంది. ఏళ్ళ క్రితం ఒక ప్రాజెక్టు వాళ్ళు వచ్చి, మేకలు మేసే బీడులో గుంతలు తవ్వి, మొక్కలు నాటి, ఫోటోలు తీసుకుని వెళ్ళారట. గుంతలు ఇంకా ఉన్నాయి. వాటిలో పడి ఒక ఆవు కాలు విరిగింది. ఆ ఆవు కథ పూర్తిగా వినేదాకా మా మాట ఎవరూ వినలేదు. నాకు అది న్యాయంగానే అనిపించింది.

మా బృందంలో ఒక సవర అమ్మాయి ఉంది, పక్క బ్లాకు నుంచి. ఆమె లేకపోతే ఈ డైరీ లేదు. ఉపన్యాసం జోలికి పోకుండా ఆడవాళ్ళ వైపు తిరిగి, ఏ నెలలో ఏ పనికి నిప్పు కావాలని అడిగింది. బొగ్గుతో నేల మీద నెలలు గీసింది. గంటలో అంతా బయటపడింది. కొండచీపుళ్ళు కోశాక, మళ్ళీ బాగా లేవాలని దుబ్బులు కాలుస్తారు. ఇప్పపువ్వు రాలే ముందు చెట్టు కింద ఎండుటాకు కాలుస్తారు, లేకపోతే పువ్వు ఆకుల్లో కనపడదు. పోడు నరికింది ఎండాకాలంలో కాలుస్తారు. వేటకు నిప్పు పెట్టేవాళ్ళు తగ్గారు గానీ ఉన్నారు. దారిన పోయేవాళ్ళ బీడీలు సరేసరి. చివర్లో ఒక ముసలామె వాలు అడుగు వైపు చెయ్యి చూపించి ఏదో అంది, అందరూ నవ్వారు. మా అమ్మాయి తెలుగులో చెప్పింది: "జీడితోటల నిప్పు సంగతి మీ వాళ్ళను అడగండి, అంటోంది."

కింది వాలులో జీడిమామిడి తోటలున్నాయి. కొన్ని సవర కుటుంబాలవే, కానీ పూత సమయానికే మైదానం వ్యాపారులకు గుత్తకు ఇచ్చేస్తారు. పిక్క రాలినప్పుడు కనపడాలని గుత్తదారు మనుషులు నేల శుభ్రం చేస్తారు. ఊడ్చడానికి కూలి కావాలి, అగ్గిపుల్లకు అక్కర్లేదు. నిప్పు ఎప్పుడూ పైకే వేగంగా పాకుతుంది. మంట ముందున్న ఆకును వేడే ఎండబెట్టి సిద్ధం చేస్తుంది. కాబట్టి అడుగున అంటుకున్నది పైఊరి గుమ్మం దాకా వస్తుంది, కాలిన మచ్చ పైనే కనిపిస్తుంది, పేరు పైవాళ్ళకు వస్తుంది.

తీర్మానం ఏ భాషలో రాయాలన్న చర్చ కొంత సాగింది. ప్రభుత్వ కచేరీలో చదివేది ఒడియా కాబట్టి ఒడియాలో రాశాం, సవరలో చదివి వినిపించాం, కింది ఊళ్ళ కోసం తెలుగు ప్రతి తీశాం. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకుంటూనే సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పించే ప్రయత్నం చేశారు. అది నూరేళ్ళ కిందటి మాట. మేమింకా సవర రాకుండానే సవర ఊళ్ళకు ప్రాజెక్టులు రాస్తున్నాం.

జనవరి

కింది ఊరి రామమందిరం అరుగు మీద సమావేశం. కోతలు అయ్యాయి, నూర్పులు సగంలో ఉన్నాయి, సంక్రాంతి ఖర్చులు ముందున్నాయి. డబ్బు అడగడానికి ఇంతకంటే చెడ్డ సమయం లేదు, ధాన్యం అడగడానికి ఇంతకంటే మంచి సమయమూ లేదు.

మేము అడిగింది చిన్న విషయమే. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా పైఊళ్ళ నుంచి మనుషులు వంతుల మీద కొండ కాస్తారు. ఆ రోజులకు వాళ్ళకు కూలి పోతుంది. గెడ్డ నీటితో పండించుకునేది మీరు. అందులో మీ వాటా ఎంత?

మొదటి జవాబు ఊహించినదే. గెడ్డ తాతల నాటి నుంచీ ఉంది, నీళ్ళకు సుంకం ఏమిటి? రెండోది ఇంకొంచెం గట్టిది. "అడవి సర్కారుది. సర్కారు జీతగాళ్ళు ఉన్నారు. మళ్ళీ మేమెందుకు?" దీన్ని కొట్టిపారేయలేం. ఒక ఫారెస్టు గార్డు చూసే బీటు ఎంత ఉంటుందో, దానికి ఎంతమంది మనుషులుంటారో చెప్పాం. అయినా గుమ్మడికాయంత మౌనం.

మాట తిప్పింది ఒక పెద్దాయన. ఆయన చిన్నతనంలో ఊరి చెరువు తూము తెరిచి, వంతు ప్రకారం పొలాలకు నీళ్ళు కట్టే మనిషి ఒకడు ఉండేవాడు. జీతం లేదు. కళ్ళంలో రాశి కొలిచేటప్పుడు ఎకరానికి ఇంత అని అతని ధాన్యం పక్కన పోసేవాళ్ళు. చాకలికి, మంగలికి, కమ్మరికి కూడా అక్కడే కొలిచేవాళ్ళు. "వాడు చెరువు కాడ నీళ్ళు చూసేవాడు. వీళ్ళు కొండ కాడ చూస్తారు. దూరం పెరిగింది గానీ పని అదే కదా," అన్నారు. మా దగ్గర ఉన్న బొమ్మల పటాలన్నీ ఆ ఒక్క మాట ముందు దండగ.

ఎకరానికి ఒక కుంచం ధాన్యం అని తేలింది. అక్కడే అసలు చిక్కు మొదలైంది. చాలా పొలాలు కౌలులో ఉన్నాయి. యజమానులు విశాఖలోనో పర్లాకిమిడి పట్టణంలోనో ఉంటారు. కుంచం కౌలుదారు ఇవ్వాలా, యజమాని ఇవ్వాలా? ఇసుక మేట వేస్తే పొలం విలువ పోయేది యజమానికి, ఆ ఏడు పంట పోయేది కౌలుదారుకు. చెరి సగం అన్నారు. యజమానులకు ఫోన్లు చేసి ఒప్పించే పని కౌలుదార్ల నెత్తిన పడింది. కొందరు అడిగారు, కొందరు అడగడానికి భయపడి తామే మొత్తం ఇచ్చారు. ఇది నాకు నచ్చలేదు. కానీ ఆ ఇద్దరి మధ్యకు మేము దూరితే వచ్చే ఏడు కౌలే పోతుందని వాళ్ళే ఆపారు.

ఇవ్వనన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పేర్లు రాసి అరుగు మీద అంటించాలని ఒక కుర్రాడు ఉత్సాహపడ్డాడు. వద్దన్నాం. ఊళ్ళో ఎవరు ఇవ్వలేదో కాగితం లేకుండానే అందరికీ తెలుస్తుంది.

ఫిబ్రవరి

ఫైర్ లైన్ పని. మంట దాటి రాకుండా రెండు బారల వెడల్పున నేల మీది ఆకు, గడ్డి, ఎండుపుల్లలు పూర్తిగా తీసేయాలి, మట్టి కనపడాలి. ఎక్కడ తీయాలన్నది గొమాంగో, మరో ముగ్గురు నిర్ణయించారు. మా పటంలో ఉన్న గీత నున్నగా, అందంగా ఉంది. వాళ్ళ గీత గట్టు పట్టుకుని, బండ నుంచి బండకు పోతుంది. మంటకు బండ అడ్డం కాబట్టి సగం పని కొండే చేసిపెట్టింది. పటం మార్చుకున్నాం.

ఫిబ్రవరిలో ఒకసారి ఊడిస్తే చాలదు. గుగ్గిలం, మద్ది, తునికి ఆకు రాల్చే కాలం అది. ఊడ్చిన పది రోజులకు మళ్ళీ నిండుతుంది. అందుకే వంతుల్లో కాపలాతో పాటు ఊడ్చే పని కూడా పెట్టారు.

కాపలా కుర్రాళ్ళకు కొన్ని నియమాలు చెప్పాం. కొన్ని వాళ్ళే మాకు చెప్పారు. మంటకు పైన నిలబడకూడదు. మిట్టమధ్యాహ్నం లోపలికి దిగకూడదు. రాత్రి మంచు పడ్డాక, తెల్లవారే ముందు మంట కుంగుతుంది, అప్పుడే పక్కల నుంచి పచ్చికొమ్మలతో కొట్టాలి. నైలాన్ చొక్కా వద్దు, నూలుదే వేసుకోవాలి. ఎదురు నిప్పు పెట్టడం, అంటే వచ్చే మంటకు ముందున్న ఆకును మనమే కాల్చేయడం, వచ్చినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే ఉన్నారు, మిగిలినవాళ్ళు ప్రయత్నించవద్దని ఆ ఇద్దరే ఆజ్ఞ వేశారు.

ఫోనుకు వచ్చే ఉపగ్రహ హెచ్చరికలకు కూడా పేరు నమోదు చేశాం. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ వీటిని ఎవరికైనా పంపుతుంది. ఉపగ్రహం మీది మోడిస్ అనే పరికరం చూపే చుక్క కిలోమీటరు వెడల్పు, వీర్స్ అనే ఇంకో పరికరం చుక్క 375 మీటర్లు. పటం మీద చుక్క చూసి 'ఫలానావాడి తోటలో' అని తేల్చడం కుదరదని అందరికీ ముందే చెప్పి పెట్టాం. ఎందుకంటే ఆ చుక్కను పట్టుకుని తగువుకు వెళ్ళేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు.

శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కడానికి రెండు రాష్ట్రాల నుంచీ జనం వచ్చారు. 1501 మీటర్ల కొండ. 2022లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మా వాలు దానికి దూరమే, కానీ దారిలో వంటలు చేసుకునే బస్సులు మా గెడ్డ దగ్గరా ఆగుతాయి. కింది ఊరి కుర్రాళ్ళు నీళ్ళ డ్రమ్ములతో నిలబడ్డారు. ఏ గొడవా లేకుండా గడిచిపోయింది.

మార్చి

ఇప్పపువ్వు. చెట్టు కింద నిప్పు వద్దు, పాత చీరలు పరవండి, పువ్వు వాటి మీదే రాలుతుంది అన్నది ఎక్కడో విని వచ్చిన ఉపాయం. ఆడవాళ్ళు ఒక చెట్టు కింద పరిచి చూశారు. వాలు మీద చీర నిలవదు, గాలికి ముడుచుకుంటుంది. పైగా తెల్లవారేసరికి ఎలుగుబంటి వచ్చి పువ్వు తిని చీర తొక్కి పోయింది. దాని గురించి వారం రోజులు నవ్వుకున్నారు. చివరికి వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆకు చెట్టు మొదలు నుంచి దూరంగా ఊడ్చి కుప్ప పోయాలి, కుప్ప చుట్టూ గీరాలి, పొద్దు పొడవక ముందే కాల్చి నీళ్ళు చల్లాలి, ఆ రోజు వంతు మనిషికి ముందు చెప్పాలి. మా నివేదికలో పై అధికారులు 'నిప్పు రహిత సేకరణ' అని రాయమన్నారు. నిప్పు ఉంది. వేళ, చోటు, మనిషి లెక్కలోకి వచ్చాయి. అలాగే రాశాను.

పోడు మానమని కూడా మేము చెప్పలేదు. రాళ్ళు పేర్చి మడి కట్టి, పై మడి నీళ్ళు కింది మడికి దింపే సవర సేద్యం చూసినవాళ్ళెవరూ వీళ్ళకు నేల గురించి పాఠం చెప్పడానికి సాహసించరు. కాల్చే రోజు పక్క ఊరికి కబురు చేయాలన్న ఒక్క ఒప్పందంతో సరిపెట్టుకున్నాం.

అసలు మంట జీడితోట నుంచే వచ్చింది. సాయంత్రం నాలుగు వేళ వంతు కుర్రాడు పొగ చూసి ఈల వేశాడు. వీర్స్ మోసుకెళ్ళే ఉపగ్రహం ఇటు దాటేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మళ్ళీ అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకు. ఫోనులో హెచ్చరిక పొద్దున వచ్చింది, అప్పటికి మంట ఆరి వీళ్ళు చద్దన్నం తింటున్నారు. పైఊరి వాళ్ళు ఫైర్ లైన్ దగ్గర ఆపారు గానీ, లైనుకు కింద, తుఫానులో కొండ జారిన మచ్చ మొత్తం కాలింది. అక్కడ లేచిన గుగ్గిలం పిలకలు పోయాయి. ఒక ఇంటివాళ్ళ వెదురు దుబ్బు కూడా.

తర్వాత జరిగినది కొంచెం వివరంగా రాస్తాను, ప్రజాసంబంధాలంటే నాకు అర్థమైంది ఇదే కాబట్టి. గుత్తదారు తప్పేమీ లేదన్నాడు. ఏటా చేసే పనే, గాలి తిరిగింది, అంతే. పైఊరి కుర్రాళ్ళు ఠాణాకు వెళ్దామన్నారు. గొమాంగో ఒప్పుకోలేదు. కేసు పెడితే విచారణకు మనమే దిగాలి, బస్సు ఛార్జీలు మనవే, వచ్చే ఏడు గుత్తకు ఇంకెవడూ రాడు. మరి? ఆయన ఏమీ చేయలేదు. కింది ఊరి పెద్దకు కబురు పెట్టారు, 'మీ నీళ్ళు కాలిపోయాయి' అని. అంతే మాట.

గుత్తదారు ఆ పెద్దాయనకు మేనల్లుడు. ఈ సంగతి గొమాంగోకు తెలుసు, మాకు తెలియదు.

రామమందిరం అరుగు మీదే పంచాయితీ. మేనమామ అందరి ముందూ అడిగారు. "మొన్న సంక్రాంతికి కుంచం కొలిచి ఇచ్చాను. నువ్వు మార్చికల్లా తగలబెట్టావు. మళ్ళీ నా మడిలో ఇసుక పడితే నువ్వు ఎత్తుతావా?" మేనల్లుడు తల వంచుకున్నాడు. తప్పు కట్టాడు: వెదురు పోయిన ఇంటికి డబ్బు, మంట ఆర్పినవాళ్ళకు ఒక మేక, బియ్యం. అంతకన్నా ముఖ్యమైనది గొమాంగో అడిగిన షరతు. వచ్చే గుత్త కాగితంలో, నేల ఊడ్చే పని పైఊరి మనుషులకే ఇవ్వాలి, కూలి గుత్తదారు భరించాలి, నిప్పు పెట్టకూడదు. గుత్త మొత్తంలో కొంత తగ్గిస్తే సరే అన్నాడు. ఎంత తగ్గించాలో ఇంకా బేరం నడుస్తోంది.

ఏప్రిల్

అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు కోసం పైఊళ్ళు దరఖాస్తు పెడుతున్నాయి. 2006 చట్టమే, ఇప్పుడు కొత్తగా వచ్చినదేమీ కాదు. కొండ కాచే బాధ్యత చేస్తున్నప్పుడు, కాచే అధికారం కాగితం మీద కూడా ఉండాలి కదా అన్నారు. చట్టంలోని అయిదో సెక్షన్ అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఇస్తోంది. గ్రామసభకు సగం మంది సభ్యులు రావాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ఇప్పపువ్వు కాలంలో ఆడవాళ్ళను పగలు సభకు రమ్మంటే ఎవరు వస్తారు? రాత్రి పెట్టాం, సోలార్ దీపాల కింద.

రుజువుల్లో పెద్దల వాంగ్మూలం, బుయ్యా, అంటే సవర పూజారి, పూజ చేసే తోపు, పాత గట్లు పెట్టాం. రెండు సవర ఊళ్ళ మధ్య ఒక పనసతోపు దగ్గర సరిహద్దు పేచీ లేచింది. ఇలాంటప్పుడు రెండు ఊళ్ళ హక్కుల కమిటీలూ కలిసి కూర్చుని తేల్చాలని నియమాల్లోనే ఉంది. కూర్చున్నారు. చెట్లు ఏ ఇంటివి ఆ ఇంటివే, ఎప్పటి నుంచో అంతే. గీత ఎటు పోయినా పనసకాయ మారదు. ఒక పూటలో తేలిపోయింది.

తేలనిది ఇంకొకటి వచ్చింది. కింది ఊరి ఆడవాళ్ళు, భూమి లేని ఇళ్ళవాళ్ళు, కట్టెలకు ఈ కొండకే వస్తారు. కాపలా మొదలయ్యాక వంతు కుర్రాళ్ళు వాళ్ళను ఆపుతున్నారు. కుంచం ఇచ్చిన రైతుకు నీళ్ళు వచ్చాయి, కాచినవాడికి ధాన్యం వచ్చింది. ఎకరం లేని ఆమె ఏ లెక్కలోనూ లేదు, పొయ్యి కింద కట్టె మాత్రం ఆమెదే పోయింది. ఆ విషయం ఆమె మా ఆఫీసుకు వచ్చి చెప్పలేదు. పైఊరి వంతు కుర్రాడి చేతిలో కర్ర లాక్కుని, గొమాంగో ఇంటి ముందుకు వెళ్ళి కూర్చుంది, మరి కొందరిని వెంటబెట్టుకుని.

మూడు దఫాలు మాట్లాడుకున్నారు, మా అమ్మాయి మధ్యలో. పైఊరి ఆడవాళ్ళు కూడా కింద పొలాల్లో నాట్లకు కూలికి వెళ్తారు, ఒకరికొకరు తెలిసినవాళ్ళే. వారంలో రెండు రోజులు ఎండుకట్టె తలమోపుగా తీసుకోవచ్చు, కత్తి తేకూడదు, ఆటోకు ఎక్కించకూడదు అన్నారు. హోటళ్ళకు అమ్ముకునేవాళ్ళు అడ్డం తిరిగారు. నిజానికి ఎండుకట్టె తీసుకుపోతే మంటకు మేత తగ్గుతుంది, ఫైర్ లైన్ మనుషులకే మేలు. ఈ మాట మేము చెప్పే ముందే ఆ కర్ర లాక్కున్న ఆమె అంది. ఆమెను కాపలా కమిటీలో తీసుకోవాలని నేను ప్రతిపాదించాను. రైతు పెద్దలు ఇంకా ఏమీ అనలేదు.

మే

ఉపాధి హామీ కింద జారుడు మచ్చల కింద వాగుల్లో రాతి అడ్డుకట్టలు. రాయి అక్కడే దొరుకుతుంది, పేర్చడం వీళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కొలతల పుస్తకంలో కొలతలు వేయించుకోవడమే అసలు శ్రమ.

మొక్కల జాబితా అడిగితే ఆడవాళ్ళు పనస, చింత, వెదురు, అడ్డతీగ అన్నారు. అడ్డాకు విస్తళ్ళు కుడితే కింది ఊళ్ళ పెళ్ళిళ్ళకు అమ్ముడుపోతాయి. నర్సరీలో దొరికింది టేకు. తీసుకోలేదు. గుగ్గిలం గింజ రాలిన వారం పది రోజులకే మొలిచే శక్తి పోగొట్టుకుంటుంది, సంచుల్లో నిల్వ చేసేది కాదు. కానీ మోడు బతికుంటే దానికదే చిగురిస్తుంది. కాబట్టి మచ్చ మీద మా నాటుడు పథకం చాలావరకు కాపలా పథకమే. మార్చిలో కాలినదాని మొదళ్ళ నుంచి కొన్ని పిలకలు మళ్ళీ లేచాయి. లెక్కపెట్టమని ఒక బడి పిల్లల గుంపుకు అప్పగించాం.

జూన్

తొలకరి పడింది. మా దాతల నుంచి ప్రశ్నలు వచ్చాయి: గెడ్డలో నీరు ఎంత పెరిగింది, కోత ఎంత తగ్గింది? ఒక వేసవి కాపలాతో గెడ్డ స్వభావం మారిందని రాయలేను. బడి మేడ మీద వానమాపకం పెట్టాం, గెడ్డ గట్టున రాతికి రంగు గీతలు వేశాం, పిల్లలు రోజూ చూసి రాస్తున్నారు. కొన్నేళ్ళ తర్వాత చెప్పగలం.

తుఫాను ప్రణాళిక అంతకన్నా తొందర. ఈ వైపు అక్టోబరు అంటేనే భయం: 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ ఆ నెల రెండో వారంలోనే. 2021లో గులాబ్ సెప్టెంబరులోనే వచ్చింది. బండ చరియ కింద దాక్కోకూడదన్నది మొదటి నియమం. నేల మీద కొత్త పగులు, ఉన్నట్టుండి ఒరిగిన చెట్టు, ఊట నీళ్ళు మురికిగా రావడం, పారే గెడ్డ హఠాత్తుగా ఆగిపోవడం, ఇందులో ఏది కనిపించినా రాత్రయినా సరే కదలాలి. ఎటు? కింది ఊరి బడికి. ఆ బడి తాళం ఎవరి దగ్గర ఉండాలన్నదానిపై సగం సభ గడిచింది. రెండు తాళాలు చేయించి, ఒకటి గొమాంగో ఇంట్లో పెట్టాలని ఒప్పుకున్నారు. పైనుంచి ఫోను అందదు, కాబట్టి బడి గంట, డప్పు, ఈల.

గుత్త బేరం ఇంకా తెగలేదు. హక్కుల దరఖాస్తు సబ్‌డివిజన్ కమిటీ దగ్గర ఉంది, చేతిలో రసీదు ఉంది. కట్టెల ఆడవాళ్ళ తరఫున కమిటీలో ఒకరికి చోటిచ్చారు, రెండు చోట్లు కావాలని వాళ్ళు అడుగుతున్నారు.

కొత్తగా కుంచం తగాదా వచ్చింది. జనవరిలో కొలిచింది కింది ఊరి పెద్ద ఇంటి కుంచంతో. అది అరిగి చిన్నదైందని, మా కుంచంతో కొలవాలని పైఊరి వాళ్ళు అంటున్నారు. వాళ్ళది చూస్తే పెద్దదే. కిలోల్లో రాసుకుందామని నేను అన్నాను. అది రెండు వైపులా ఎవరికీ ఇష్టం లేదు. వచ్చే కోతలకు ముందు రెండు కుంచాలూ పక్కపక్కన పెట్టి, నడిమి కొలతకు మూడోది చేయించాలని నిర్ణయించారు. చేయించే ఖర్చు ప్రాజెక్టు ఖాతాలో ఏ పద్దు కింద రాయాలో కనుక్కోవాలి.